"వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్" – ఇందులో తప్పెక్కడుంది?

ఫ్లెక్స్ డిజైనర్, హన్మకొండ – ఆదివారం రాత్రి 9.15

అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తాకు దగ్గర్లో మాది చిన్న ఫ్లెక్స్ షాపు. డిజైన్ చేసేది, మెషీన్ నడిపేది నేనే. పదో తరగతి తెలుగు మీడియం, తర్వాత ఐటీఐ. ఇంగ్లిష్ చదవగలను, సొంతంగా రాయడమే రాదు.

మొన్న ఒక ప్రైవేటు స్కూలుకు పన్నెండు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్స్ కొట్టాను. వాళ్లు కాగితం మీద రాసిచ్చిన మాట "వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్ ఇన్ వరంగల్". అదే టైప్ చేసి వాట్సాప్‌లో ప్రూఫ్ పంపితే ఓకే అన్నారు. ఫ్రేముకు బిగించి గేటు మీద కట్టాక, పిల్లల్ని దించడానికి వచ్చిన ఒకాయన "స్కూలు బోర్డు మీదే తప్పా?" అన్నాడట. తప్పు నాదేనని ఫ్లెక్స్ తిప్పి పంపారు. సరే, నా ఖర్చుతోనే "ది బెస్ట్ స్కూల్స్ ఇన్ వరంగల్" అని మార్చి కొట్టిచ్చాను. అదీ తప్పేనన్నారు. మూడోసారి ఎవరితోనో రాయించుకొచ్చారు, అది కొట్టిచ్చి పంపించాను.

డబ్బులు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. తప్పేంటో తెలియకుండానే రెండు ఫ్లెక్సులు పాడు చేశాననే బాధ పోవట్లేదు. వచ్చే వారం ఇంకో నాలుగు బోర్డులున్నాయి. బెస్ట్, బిగ్గెస్ట్ లేని బోర్డు ఒక్కటీ లేదు. ఎవరైనా మొదటి నుంచి చెప్తారా?

ఇంగ్లిష్ టీచర్, పరకాల – ఆదివారం రాత్రి 10.02

తమ్ముడూ, తెలుగులో ఆలోచిస్తే నీకే తెలిసిపోతుంది. "వరంగల్‌లోని మంచి బళ్లలో ఒకటి" అంటాం. "మంచి బడిలో ఒకటి" అంటామా? ఒకటి అనేది గుంపులోంచి తీసేది. గుంపు ఉండాలంటే బళ్లు చాలా ఉండాలి. కాబట్టి "వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్స్", చివర ఎస్ తప్పదు. రెండోసారి ఎస్ పెట్టావు, "వన్ ఆఫ్" తీసేశావు. అప్పుడు ఒక్క బడి గేటు మీద "అన్నిటికంటే మంచి బళ్లు" అని రాసినట్టయింది.

ఇంకో సంగతి. ఈ మాట తర్వాత క్రియ వస్తే అది ఒకటికి తగ్గట్టే ఉంటుంది. "వన్ ఆఫ్ ది బెస్ట్ స్కూల్స్ ఈజ్ నియర్ అవర్ హౌస్". ఎస్ చూసి "ఆర్" పెట్టేవాళ్లు మా స్టాఫ్ రూంలోనూ ఉన్నారు.

అసలు చిక్కు ఎక్కడంటే, తెలుగులో విశేషణం మారదు. "పొడుగు పిల్ల", "వాళ్లక్కకంటే పొడుగు", "క్లాసులో అందరికంటే పొడుగు". మూడు చోట్లా పొడుగు పొడుగే. ఇంగ్లిష్‌లో ఆ మాటే మూడు రూపాలెత్తుతుంది: టాల్, టాలర్, టాలెస్ట్. పైగా మన "కంటే" ఇద్దరి మధ్యా పనిచేస్తుంది, అందరి మధ్యా పనిచేస్తుంది. అందుకే మా పిల్లలు "షీ ఈజ్ టాల్ దాన్ ఆల్" అని రాస్తారు. "కంటే"కు దాన్, "అందరి"కి ఆల్ పెట్టి పూర్తయిందనుకుంటారు.

నేను బోర్డు మీద ముందు "ఎందులో?" అని తెలుగులో రాస్తాను. క్లాసులోనా, ఊర్లోనా, ముగ్గురిలోనా? దానికి జవాబు దొరికాకే ఎస్ట్ జోలికి పోవాలి.

గ్రూప్స్ ప్రిపరేషన్, కరీంనగర్ – ఆదివారం రాత్రి 10.20

ఇంత లోతు అవసరమా మేడం? చిన్న మాటకు ఎస్ట్, పెద్ద మాటకు ముందు మోస్ట్. ముందు ఎప్పుడూ "ది" ఉండాలి. కోచింగ్‌లో మాకు చెప్పింది ఇదే.

ఇంగ్లిష్ టీచర్, పరకాల – ఆదివారం రాత్రి 10.51

మొదలుపెట్టడానికి సరిపోతుంది బాబూ, కానీ చిన్న మాట అంటే ఏంటి? అక్షరాలు లెక్కపెడితే దెబ్బతింటావు. "స్ట్రాంగ్"లో ఆరు అక్షరాలున్నాయి, "హ్యాపీ"లో ఐదే. లెక్కపెట్టాల్సింది పలుకులు. చప్పట్లు కొట్టి చూడు. స్ట్రాంగ్‌కు ఒకటి, హ్యాపీకి రెండు, బ్యూటిఫుల్‌కు మూడు.

ఒక చప్పట్ల మాటకు ఎస్ట్. మూడూ ఆపైన ఉంటే మోస్ట్. అన్‌హ్యాపీ లాంటివి మాత్రం మూడు పలికినా "అన్‌హ్యాపియెస్ట్" అవుతాయి, లోపల ఉన్నది హ్యాపీయే కాబట్టి. తగువంతా రెండు చప్పట్ల మాటల దగ్గరే. చివర వై ఉంటే ఆ వై తీసేసి ఐఈఎస్‌టీ పెట్టాలి: హ్యాపియెస్ట్, ఈజియెస్ట్. న్యారో, సింపుల్ లాంటివి కూడా మామూలుగా ఎస్టే తీసుకుంటాయి. క్వైట్, క్లెవర్‌లకు రెండూ చెల్లుతాయి. మోడ్రన్, కేర్‌ఫుల్, ఫేమస్‌లకు మోస్ట్ పెట్టండి. ఒకే చప్పట్లైనా టైర్డ్, బోర్డ్ లాంటివాటికి మోస్టే: "ది మోస్ట్ టైర్డ్". టైర్డెస్ట్ అనకూడదు.

బోర్డులు రాసేవాళ్లకు స్పెల్లింగ్ ముఖ్యం కాబట్టి ఇది కూడా. బిగ్, హాట్, థిన్ చూడు. చివర ఒక హల్లు, దాని ముందు ఒకే అచ్చు. అలాంటప్పుడు చివరి అక్షరం రెండుసార్లు రాయాలి. బిగ్గెస్ట్‌లో జీ రెండు, హాటెస్ట్‌లో టీ రెండు. స్వీట్‌లో ఈ రెండుసార్లు ఉంది కాబట్టి టీ ఒకటే. చివర డబ్ల్యూ ఉంటే రెట్టించొద్దు: న్యూయెస్ట్, స్లోయెస్ట్.

గుడ్–బెస్ట్, బ్యాడ్–వరస్ట్, లిటిల్–లీస్ట్, మచ్–మోస్ట్, ఫార్–ఫార్దెస్ట్. ఇవి నోటికి రావాల్సిందే.

"ఎప్పుడూ ది" అన్నావు చూడు, అదీ పూర్తిగా నిజం కాదు. "మై బెస్ట్ ఫ్రెండ్" అంటాం, "మై ది బెస్ట్ ఫ్రెండ్" అనం. మై, హిజ్, అవర్, ఇండియాస్ లాంటి మాట ముందుంటే "ది"కి చోటు లేదు. "ఇండియాస్ లాంగెస్ట్ రివర్" అనాలి.

మిర్చి గుమస్తా, ఏనుమాముల – సోమవారం ఉదయం 6.10

మార్కెట్‌కు పోయే ముందు చదివిన. నేను అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తాను. బయటి రాష్ట్రాల ఖరీదుదారులకు రోజూ రేట్లు ఇంగ్లిష్‌లో పంపాలి. జెండా పాటలో, అంటే మార్కెట్ వేలంలో పలికిన ధరను "టుడే బిగ్గెస్ట్ రేట్" అని రాసేవాణ్ని. మా సేటు "హయ్యెస్ట్" అని దిద్దిండు. ఎందుకో చెప్పలేదు. ఎత్తు అంటే టాల్ కదా మేడం, రేటుకు హై ఎట్లా?

చపాటా మిర్చి గురించి కూడా రాయాలి. దానికి 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చినప్పటి నుంచి అడిగేవాళ్లు పెరిగిండ్రు. రంగు చాలా ఎరుపు, కారం చాలా తక్కువ. "మోస్ట్ లెస్ స్పైసీ" అని పంపిన. అది కరెక్టేనా?

ఇంగ్లిష్ టీచర్, పరకాల – సోమవారం ఉదయం 7.05

మీ సేటు దిద్దింది కరెక్ట్. మనిషి, చెట్టు, బిల్డింగ్ అయితే టాలెస్ట్. ధర, మార్కులు, ఎండ తీవ్రత లాంటివి హయ్యెస్ట్, లోయెస్ట్. తెలుగులోనూ "ఎక్కువ ధర" అంటాం గానీ "పొడుగు ధర" అనం కదా. "టుడేస్ హయ్యెస్ట్ రేట్" అని రాయండి, ఆ ఎస్ మరిచిపోవద్దు. అది ఉంది కాబట్టి "ది" అక్కర్లేదు.

"మోస్ట్ లెస్" అనే మాట లేదు. ఎక్కువకు మోస్ట్, తక్కువకు లీస్ట్. మీ దగ్గర తేజ, చపాటా రెండే ఉంటే "చపాటా ఈజ్ లెస్ స్పైసీ దాన్ తేజ". దుకాణంలోని రకాలన్నిటిలో అయితే "చపాటా ఈజ్ ది లీస్ట్ స్పైసీ ఆఫ్ ఆల్ అవర్ వెరైటీస్". రంగు బాగుందని గొప్పగా చెప్పాలంటే "ది రెడ్డెస్ట్", డీ రెండుసార్లు.

విశ్రాంత తెలుగు పండితుడు, జనగామ – సోమవారం ఉదయం 8.40

గుమస్తాగారి మాట చూసి రాయకుండా ఉండలేకపోయాను. మీ మార్కెట్ ధరల పట్టికలో ఏం రాస్తారు? గరిష్ఠ ధర, కనిష్ఠ ధర. ఎండాకాలంలో పేపర్లో గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత. ఆ "ఇష్ఠ", ఇంగ్లిష్ వాళ్ల "ఎస్ట్", రెండూ ఒకే మూలం నుంచి వచ్చిన ప్రత్యయాలు. సంస్కృతం, ఇంగ్లిష్ ఒకే భాషా కుటుంబానివి కాబట్టి ఆ పోలిక నిలిచింది. గురువు అంటే బరువైనది, గరిష్ఠం అంటే అన్నిటికంటే బరువైనది. సంస్కృతంలో "స్వాదిష్ఠ" పక్కన ఇంగ్లిష్ "స్వీటెస్ట్" పెట్టి పలకండి. స్వాదు, స్వీట్ ఒకే ధాతువు బిడ్డలు. ఇష్ఠ, ఎస్ట్ ఒకే తోక. నలభై ఏళ్లు పాఠం చెప్పిన నాకు ఇప్పటికీ ఆ రెండు మాటలు పక్కపక్కన వింటే ఒళ్లు పులకరిస్తుంది.

శ్రేష్ఠ, జ్యేష్ఠ, బలిష్ఠ అన్నీ ఇదే కోవ. తెలుగు ద్రావిడ భాష, దానికి ఈ తోక లేదు. టీచరమ్మ చెప్పినట్టు "అన్నిటికంటే, అందరిలో" అని గుంపును చెప్పి పని జరుపుకుంటుంది. అది లోపం కాదు, ఇంకో పద్ధతి. మనం మాట్లాడేది తెలుగు పద్ధతిలో, అరువు తెచ్చుకున్నవి సంస్కృతం మాటలు. ఇంగ్లిష్ తోకను వినడానికి ఆ అరువు మాటలే దగ్గరి దారి. పిల్లలకు మొదటి రోజే గరిష్ఠ, కనిష్ఠ చెప్పి చూడండి.

టెన్త్ పాప అమ్మ, నర్సంపేట – సోమవారం మధ్యాహ్నం 2.30

పండితులుగారూ, మా పాపకు చదివి వినిపించాను. "కనిష్ఠ అంటే లీస్ట్ కదమ్మా" అని తనే అంది.

తనకు ఇచ్చే ఎక్సర్‌సైజ్‌లో ఒకే వాక్యాన్ని మూడు రకాలుగా మార్చమంటారు. పాప ఇలా రాసింది: "ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ సౌత్ ఇండియా." దాన్నే "ది గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ఎనీ రివర్ ఇన్ సౌత్ ఇండియా" అని మార్చింది. సార్ తప్పు కొట్టారు. ఎందుకని అడిగితే "అదర్ పెట్టాలి" అన్నారంతే. పాపకు అర్థం కాక టెన్షన్ పడుతోంది.

గ్రూప్స్ ప్రిపరేషన్, కరీంనగర్ – సోమవారం మధ్యాహ్నం 3.10

అక్కా, ఇది నాకు బాగా వచ్చు, నేను చెప్తాను. గోదావరి కూడా సౌత్ ఇండియా నదే కదా. "సౌత్ ఇండియాలో ఏ నది కంటేనైనా పొడవు" అంటే గోదావరి తనకంటే తనే పొడవన్నట్టు అవుతుంది. అందుకే "ఎనీ అదర్ రివర్", అంటే తను కాక మిగతా నదులు. అదే "ది గోదావరి ఈజ్ లాంగర్ దాన్ ఎనీ రివర్ ఇన్ శ్రీలంక" అంటే అదర్ వద్దు. గోదావరి శ్రీలంకలో లేదు కాబట్టి.

మూడో రకం: "నో అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి." పాప ఇందులో "యాజ్ లాంగెస్ట్ యాజ్" అని రాయకుండా చూడండి. యాజ్, యాజ్ మధ్య మామూలు రూపమే ఉండాలి.

"వన్ ఆఫ్ ది" ఉన్న వాక్యమైతే వేరేలా మారుతుంది. "వరంగల్ ఈజ్ వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్ సిటీస్ ఇన్ తెలంగాణ" ఇచ్చారనుకోండి. "వరంగల్ ఈజ్ బిగ్గర్ దాన్ మోస్ట్ అదర్ సిటీస్ ఇన్ తెలంగాణ." "వెరీ ఫ్యూ సిటీస్ ఇన్ తెలంగాణ ఆర్ యాజ్ బిగ్ యాజ్ వరంగల్." ఇక్కడ "నో అదర్" పెడితే హైదరాబాద్ కంటే వరంగల్ పెద్దదని అర్థం వస్తుంది, అబద్ధమవుతుంది.

గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. గంగ తర్వాత దేశంలో రెండోది. "ది సెకండ్ లాంగెస్ట్ రివర్ ఇన్ ఇండియా" అనే వాడుక కూడా పాపకు చెప్పండి. సెకండ్, థర్డ్ ముందు పెట్టినా ఎస్ట్ మారదు.

ఇంగ్లిష్ టీచర్, పరకాల – సోమవారం సాయంత్రం 5.45

చాలా బాగా చెప్పావు బాబూ. శ్రీలంక ఉదాహరణ రేపు నా క్లాసులో వాడుకుంటాను.

పాపతో "లాంగెస్ట్" పైకి చదివించండి అమ్మా. "లాంగ్" అన్నప్పుడు చివర జీ విడిగా పలకదు, ముక్కులోనే ఆగిపోతుంది. "లాంగెస్ట్"లో అదే జీ గట్టిగా పలుకుతుంది. స్ట్రాంగెస్ట్, యంగెస్ట్ కూడా అంతే.

రామప్ప గైడ్, పాలంపేట – సోమవారం రాత్రి 8.20

నాకు రోజూ పనికొచ్చే చర్చ ఇది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఫారినర్లు కూడా వస్తున్నారు. వేయి స్తంభాల గుడి చూసి ఇక్కడికొచ్చే వాళ్లు "ఏది పాతది?" అని అడుగుతారు. ఆ గుడి 1163లోది, రామప్ప 1213లోది. నేను "థౌజండ్ పిల్లర్ టెంపుల్ ఈజ్ ది ఓల్డెస్ట్" అంటుంటాను. మొన్న ఒక పెద్దావిడ "ఓల్డర్" అని మెల్లగా దిద్దింది. రెండు గుళ్ల లెక్కే కదా, తప్పేంటి?

ఇంకొకటి. మదనికల శిల్పాల ముందు నిలబడి "మోస్ట్ యూనిక్" అంటాను. అది ఒప్పేనా?

ఇంగ్లిష్ టీచర్, పరకాల – సోమవారం రాత్రి 9.00

రెండిటి మధ్య పోలిక అయితే ఎస్ట్ రాదన్నా. "ది ఓల్డర్ ఆఫ్ ది టూ" అనాలి. ఇక్కడ ఓల్డర్ ముందు కూడా "ది" వచ్చింది చూడండి. మూడో గుడి కలిస్తేనే ఓల్డెస్ట్. మాటల్లో చాలామంది ఇద్దరికీ ఎస్ట్ వాడేస్తారు గానీ రాసేటప్పుడు, పరీక్షలో వద్దు.

యూనిక్ అంటేనే దానిలాంటిది ఇంకోటి లేదని. లేనిదాంట్లో ఎక్కువ తక్కువలు ఉండవు. "దీజ్ స్కల్ప్చర్స్ ఆర్ యూనిక్" చాలు. పోలిక చెప్పాలనిపిస్తే "అమంగ్ ది ఫైనెస్ట్ ఇన్ ఇండియా" అనండి. శిఖరంలో వాడిన, నీళ్లమీద తేలే ఇటుకల గురించైతే "ది లైటెస్ట్" అనకండి. ప్రపంచంలో ఇటుకలన్నీ తూచి చూశామా? "లైట్ ఇనఫ్ టు ఫ్లోట్ ఆన్ వాటర్" అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు.

స్టాఫ్ నర్స్, మంచిర్యాల – సోమవారం రాత్రి 9.35

బయటి దేశం ఇంటర్వ్యూ కోసం ప్రాక్టీస్ చేస్తున్నాను. మేం ముగ్గురు అక్కాచెల్లెళ్లం, నేను పెద్దదాన్ని. "ఐ యామ్ ది ఎల్డర్ డాటర్" అంటే ఇంటర్వ్యూ చేసినాయన "సో, టూ సిస్టర్స్?" అని అడిగారు. ఇప్పుడు అర్థమైంది, ఎల్డర్ అంటే ఇద్దరే ఉన్నట్టు. "పెద్దక్క" అంటే మనకు ఎంతమందైనా అదే మాట.

ఇంగ్లిష్ టీచర్, పరకాల – సోమవారం రాత్రి 9.50

అవునమ్మా, "ది ఎల్డెస్ట్ ఆఫ్ త్రీ సిస్టర్స్" అని చెప్పు. ఎల్డెస్ట్ ఇంట్లో మనుషులకే. మీ హాస్పిటల్ బిల్డింగ్‌కు ఓల్డెస్ట్. "ఇంతవరకు చూసినవాటిలో" అని చెప్పాల్సి వస్తే "ది హార్డెస్ట్ షిఫ్ట్ ఐ హావ్ ఎవర్ డన్" అను. ఎస్ట్ తర్వాత ఆ "హావ్ ఎవర్" ఇంగ్లిష్ వాళ్లకు చెవికి ఇంపుగా ఉంటుంది.

ఫ్లెక్స్ డిజైనర్, హన్మకొండ – సోమవారం రాత్రి 11.05

షట్టర్ దించి కూర్చుని అన్నీ చదివాను. ప్రింట్ తీసి కంప్యూటర్ పక్కన గోడకు అంటించాను. ఒక్క డౌట్. ఒక బట్టల దుకాణం ఓనర్ "మోస్ట్ బెస్ట్ ప్రైసెస్" అనే పెట్టమంటున్నాడు. బెస్ట్ ఒక్కటే ఉంటే బలం చాలదట.

విశ్రాంత తెలుగు పండితుడు, జనగామ – మంగళవారం ఉదయం 6.30

ఆ ఓనర్ కోరిక కొత్తదేమీ కాదు నాయనా. షేక్స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఆంటోనీ నోట "మోస్ట్ అన్‌కైండెస్ట్" అనిపించాడు. ఆ కాలపు ఇంగ్లిష్‌లో అది తప్పు కాదు. మన యజుర్వేదం మొదట్లోనే "శ్రేష్ఠతమ" ఉంది. శ్రేష్ఠలోనే "అన్నిటికంటే" ఉన్నా, మీద "తమ" చేరింది. మనసు నిండినప్పుడు మనిషి రెండుసార్లు చెబుతాడు. అయితే ఈ రోజు ఇంగ్లిష్‌లో అది తప్పు కిందే లెక్క. నీ ఫ్లెక్స్ చూసేవాళ్లు ఈ రోజు మనుషులు.

ఇంగ్లిష్ టీచర్, పరకాల – మంగళవారం ఉదయం 7.15

బలం కావాలంటే ఎస్ట్ ముందు "వెరీ" పెట్టొచ్చు. "ది వెరీ బెస్ట్ ప్రైసెస్" అంటే ఒప్పే, ఓనర్‌కూ తృప్తి. "వెరీ" బెస్ట్, లేటెస్ట్ లాంటి వాటి ముందు వస్తుంది, "మోస్ట్ బ్యూటిఫుల్" ముందు రాదు.

నాలుగు బోర్డుల మాటలూ ఇక్కడ పెట్టు, ప్రింట్‌కు వెళ్లే ముందు చూస్తాను.

ఫ్లెక్స్ డిజైనర్, హన్మకొండ – మంగళవారం ఉదయం 9.40

ఇవీ మేడం. ఒకటి, "ది వెరీ బెస్ట్ ప్రైసెస్ ఇన్ టౌన్". రెండు, "ది బిగ్గెస్ట్ శారీ షోరూమ్ ఆఫ్ హన్మకొండ". మూడు, "వన్ ఆఫ్ ది మోస్ట్ మోడ్రన్ ల్యాబ్స్ ఇన్ వరంగల్". నాలుగు, మేడారం వెళ్లే ట్రావెల్స్ వాళ్లది, "విజిట్ వన్ ఆఫ్ ఇండియాస్ బిగ్గెస్ట్ ట్రైబల్ ఫెస్టివల్స్". అక్కడ ఇండియాస్ ఉంది కాబట్టి "ది" తీసేశాను.

ఇంగ్లిష్ టీచర్, పరకాల – మంగళవారం ఉదయం 9.52

నాలుగోది చూసి చాలా సంతోషమేసింది. రెండోదాంట్లో "ఆఫ్" తీసి "ఇన్" పెట్టు. ఊరు, జిల్లా, క్లాసు లాంటి చోటుకు ఇన్. "ఆఫ్ ఆల్", "ఆఫ్ ది త్రీ" అని లెక్కకు ఆఫ్. "హన్మకొండలో" అన్నదాంట్లోని "లో" ఇక్కడ ఇన్. ఇంకోటి, ఆ షోరూమ్ నిజంగానే అన్నిటికంటే పెద్దదేనా అని ఓనర్‌ను ఒకసారి అడుగు. కాకపోతే "వన్ ఆఫ్ ది బిగ్గెస్ట్", చివర ఎస్.

ఫ్లెక్స్ డిజైనర్, హన్మకొండ – మంగళవారం మధ్యాహ్నం 12.30

అడిగాను మేడం. కాసేపు ఆలోచించి "వన్ ఆఫ్ ది" పెట్టమన్నాడు. షోరూమ్స్‌లో ఎస్ పెట్టాను, "ఇన్" చేశాను. ప్రూఫ్ వాట్సాప్‌లో కాకుండా షాపులోనే ప్రింట్ తీసి సంతకం చేయించుకున్నాను. రోల్ ఎక్కించాను, మొదటిది మెషీన్‌లోంచి వస్తోంది. కట్టాక ఫోటో పెడతాను.